రెండంగుళాల లూజు

లిఫ్టాయనకు గౌరవం ఎక్కువైపోయింది. ఆ గౌరవం భరించలేక మనిషి సగమైపోతున్నాడు. ఇదేం విడ్డూరం అంటారా? వినండి మరి. ఐదేళ్ళుగా వాళ్ళక్క అతణ్ణి 'ఒరేయ్' అనడం మానేసింది. పోనీ 'నువ్వు' అంటుందా, అదీ లేదు. మొహం మీద 'మీరు' అన్నా కొంత నయమే, ఆ మాత్రం భాగ్యం కూడా లేదు. ప్రతి ఆదివారం మధ్యాహ్నం వస్తుంది. చెప్పులు గుమ్మం పక్కన ఒద్దికగా విడుస్తుంది. మరదలి పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంటుంది. తమ్ముడు చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఉండగానే, "అమ్మాయ్, మీ వారు కులాసానా?" అని మరదల్ని అడుగుతుంది. మీ వారట! చీమిడి ముక్కు తుడిచి, చంకనేసుకుని తిప్పిన తమ్ముణ్ణి పట్టుకుని మీ వారు!

తిట్టినా బాగుండునని లిఫ్టాయన ఏడుపు. తిట్టాలంటే ముందు ఒరేయ్ అనాలి కదా. ఆ ఒక్క మాట చెవిన పడితే చాలు, తర్వాత ఎన్ని తిట్లయినా పడతానంటాడు. లిఫ్టులు బాగుచేసే మనిషి కాబట్టి బయట అతనికి లోటేం లేదు. లిఫ్టు ఆగిందంటే చాలు, "లిఫ్టాయన వచ్చాడా?" అని పై అంతస్తు నుంచి కింది అంతస్తు దాకా కేకలు. ఆ పేరు ఎంత అలవాటైపోయిందంటే అసలు పేరుతో పిలిస్తే అతనే వెనక్కి తిరిగి చూడడు. అక్కకు మాత్రం ఏ పేరుతోనూ పని లేదు. పుట్టినప్పటి నుంచీ ఆవిడకు అతను ఒరేయ్, అంతే.

గొడవంతా ఒక బల్ల దగ్గర వచ్చింది. వాళ్ళమ్మ దర్జీ. బడి పిల్లల యూనిఫారాలు కుట్టేది. బజారులో ఒక ఇరుకు గది, గది నిండా ఒకే ఒక కటింగ్ బల్ల. జానెడు ఇంట్లో మూరెడు కర్ర అంటారే, అచ్చం అదే. వడ్రంగి ఆ గదిలోనే కూర్చుని చేసిన బల్ల అది, గుమ్మంలోంచి లోపలికి రాలేదు, కాబట్టి బయటికి పోయే దారీ లేదు. అమ్మ పోయాక గది గలాయన ఖాళీ చేయమన్నాడు. అప్పటికి అక్క కూతురి పురిటికని వేరే ఊళ్ళో ఉంది. ఆవిణ్ణి ఎందుకు బాధపెట్టడం, నేనే కానిచ్చేస్తానని లిఫ్టాయన కుట్టుమిషను అక్క ఇంటికి పంపించాడు, కత్తెరలు మూట కట్టాడు, బల్లను రంపంతో కోయించి ఆ ముక్కలు వడ్రంగికి ఇచ్చేశాడు. అక్క తిరిగొచ్చి ఖాళీ గది చూసింది. నేల మీద బల్ల కాళ్ళ గుర్తులు తప్ప ఏమీ మిగల్లేదు. "నన్నొక్క మాట అడిగావా?" అంది. ఆ 'అడిగావా'నే ఆఖరు. మర్నాటి నుంచి మీ వారు.

రాయబారాలు నడవకపోలేదు. "వదినా, తప్పయిందంటున్నారు మా వారు" అని భార్య చెప్పి చూసింది. "అయ్యయ్యో, వారికి తప్పేమిటమ్మా, అన్నీ తెలిసినవారు" అంది అక్క, సూదిలో దారం ఎక్కిస్తూ. అలాంటి మనిషితో ఏం చేస్తారు? చేతులు కాలాక ఆకులు పట్టుకున్నా లాభం లేదని లిఫ్టాయన కుక్కిన పేనులా పడి ఉండడం నేర్చుకున్నాడు.

ఇలా ఉండగా ఒక రోజు సాయంత్రం బజారులోని ఒక మేడలో లిఫ్టు తలుపు ఇరుక్కుందని కబురొచ్చింది. మూడో అంతస్తులో తలుపు బాగుచేసి, పనిముట్లు సంచిలో వేసుకుంటుంటే పక్క కొట్టులోంచి ఎవరో అంటున్నారు: "నాలుగంగుళాలే మిగిలాయా? అయితే వాడు గోడ దాటలేడు."

దర్జీ కొడుకు చెవికి అంగుళం అనే మాట ఊరికే పోదు. లిఫ్టాయన తల లోపలికి పెట్టి చూశాడు. పెద్ద పెద్ద బల్లలు. వాటి మీద కూలిన గోడలు, తుప్పు పట్టిన గొట్టాలు, గుంతలు, అన్నీ బొమ్మలే. వాటి మధ్య బొటనవేలి కణుపంత సైనికులు, తలకు గుండ్రటి గాజు టోపీలు, చేతుల్లో ఏవేవో తుపాకులు. చుట్టూ నిలబడ్డవాళ్ళు చిన్న పిల్లలు కారు, మెడలో ఆఫీసు కార్డులు కూడా తీయకుండా వచ్చిన పెద్ద మనుషులు. ఒకాయన టేపుతో కొలుస్తున్నాడు. ఇంకొకాయన, బట్టతలాయన, నేల మీద మోకాళ్ళేసి, గడ్డం బల్ల అంచుకు ఆనించి, ఒక కన్ను మూసుకుని, తన సైనికుడికి ఏం కనిపిస్తోందో చూస్తున్నాడు.

ఆ మోకాళ్ళేసి ఒక కన్ను మూయడం చూసేసరికి లిఫ్టాయన చేతిలో సంచి జారిపోయింది. స్పానర్లు నేల మీద గలగలమన్నాయి. లోపలివాళ్ళంతా తలలు తిప్పి చూశారు.

ఎందుకు జారదండీ? అది వాళ్ళ ఆట! అక్కా తమ్ముళ్ళ ఆట. సాయంత్రం అమ్మ కత్తిరింపులు అయిపోయి మిషను ముందు కూర్చుందంటే బల్ల ఖాళీ. గుండీల డబ్బా బోర్లించేవాళ్ళు. నాలుగు చిల్లుల గుండీలు అక్క సైన్యం, రెండు చిల్లులవి అతనివి. అక్కవాళ్ళు నాలుగు కళ్ళ వాళ్ళు, ఎక్కడో చుక్కల అవతలి నుంచి దిగొచ్చినవాళ్ళు. తనవాళ్ళు పాపం మామూలు మనుషులు, రెండు కళ్ళ వాళ్ళు. బల్ల మీద ఆ రోజు ఏ గుడ్డ పరిచి ఉంటే అది గ్రహం. ఖాకీ పరిస్తే ఇసుక గ్రహం, నీలం పరిస్తే సముద్ర గ్రహం. దారపుండలు కోటలు. సూది గుచ్చుకోకుండా అమ్మ వేలికి తొడుక్కునే ఇత్తడి టోపీ రాకెట్టు. వంతుకు నాలుగంగుళాలు నడక, అమ్మ మెడలో టేపుతో కొలవాలి. గుండీని గుండీ చూడగలుగుతోందా లేదా అని మోకాళ్ళేసి, ఒక కన్ను మూసుకుని చూడాలి. చచ్చిన గుండీ టంగుమని డబ్బాలో పడాలి. ఆ టంగుమనే చప్పుడు లిఫ్టాయనకు ఇప్పటికీ చెవిలో ఉంది.

మొదట్లో ప్రతి ఆటా అతనే ఓడిపోయేవాడు. ఎదిగీ ఎదగని చేతులు బల్ల మధ్య దాకా అందేవి కావు. ఒక రోజు ఓడిపోయి బల్ల కింద దూరి, గుడ్డ పేలికల్లో మొహం పెట్టుకుని ఏడుస్తుంటే అమ్మ మిషను ఆపకుండానే తీర్పు చెప్పింది. "పెరిగే పిల్లాడే. రెండంగుళాలు లూజు ఇవ్వు."

అమ్మకు అదొక్కటే సిద్ధాంతం. ఏ పిల్లకు కుట్టినా, ఏ పిల్లాడికి కుట్టినా, కొలత మీద రెండంగుళాలు లూజు వదిలి మడిచి కుట్టేది. పెరిగే పిల్లలు, ఏడాది తిరిగేసరికి ఆ మడత విప్పుకుంటారు అనేది. సొంత కొడుకు చొక్కా చేతులయితే వేళ్ళ గోళ్ళ దాకా వేలాడేవి. బట్టలకున్న ఆ ధర్మం ఆ రోజు నుంచి యుద్ధానికి కూడా వచ్చింది. అక్క గుండీలకు నాలుగు, అతని గుండీలకు నాలుగు మీద రెండు. అక్క ముఖం మాడ్చుకునేది గానీ ఒక్క రోజు కూడా ఎగ్గొట్టలేదు. అతను మర్చిపోయినా తనే, "ఒరేయ్, లూజు కలుపుకోలేదు" అనేది. తర్వాతెప్పుడో ఒక వేసవిలో ఇద్దరూ వీపులు ఆనించి నిలబడితే తమ్ముడి తల పైకి తేలింది. "పొడుగైపోయావుగా, ఇక లూజు ఎత్తేస్తున్నా" అంది అక్క. అతను ఆ రోజు ఎంత గర్వపడ్డాడో! ఆ తర్వాత ఆటే ఆగిపోతుందని అప్పుడు ఎవరికి తెలుసు?

"ఏం అంకుల్, లిఫ్టు బాగైందా?" అంది కొట్టు చూసుకునే అమ్మాయి.

"బాగైంది. అది సరేగానీ అమ్మాయ్, వీళ్ళు ఆడేదేమిటి?"

ఆ అమ్మాయికి ఆ ప్రశ్న అడిగేవాళ్ళంటే ప్రాణం లాగుంది. కుర్చీ వేసి కూర్చోబెట్టింది. ఒక పెట్టె చూపించి, కొత్తగా వచ్చిన ఆట అంది. పెట్టె మీద నోరు తిరగని పేరేదో ఉంది. "పెద్ద పెద్ద సైన్యాలు అక్కర్లేదు అంకుల్, మనిషికి ఐదారు బొమ్మలు చాలు. యుద్ధం కూడా కాదు, వీధి కొట్లాట అనుకోండి. కాకపోతే చంద్రుడి మీద." పగిలిపోయిన చంద్రుడు, పాడుబడ్డ గని, మధ్యలో ఒక గాలి డబ్బా. అక్కడ ఊపిరి పీల్చాలంటే అదే దిక్కు. ఎవరు దాన్ని తమ రాకెట్టు ఓడలోకి చేరిస్తే వాళ్ళు బతుకుతారు, వాళ్ళే గెలుస్తారు.

"ఒక్కణ్ణే ఆడుకోవచ్చా?"

"ఇద్దరుండాలి అంకుల్. మీకు తోడు ఎవరైనా ఉన్నారా?"

లిఫ్టాయన పెట్టె చేతిలోకి తీసుకున్నాడు. "ఉంది. మా అక్క. నాతో మాట్లాడదు, అదొక్కటే చిక్కు."

"ఆడితే మాట్లాడక తప్పదు అంకుల్. వంతు చెప్పాలి, కొలత చెప్పాలి, దెబ్బ తగిలితే తగిలిందని చెప్పాలి" అంది ఆ అమ్మాయి. అంతే, లిఫ్టాయన పెట్టె చంకలో పెట్టుకున్నాడు.

ఇంటికెళ్ళాక భార్య ఆ పెట్టెను చూసింది, మొగుణ్ణి చూసింది. "మనవల కోసమా?"

"నా కోసమే."

"మనకు మనవలు లేరు కదా అనుకుంటూనే ఉన్నా" అని ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది.

పెట్టె తెరిస్తే సైనికులు లేరు! ప్లాస్టిక్ చట్రాలకు అంటుకుని చేతులు ఒక చోట, కాళ్ళొక చోట, తలకాయలు ఇంకో చోట. ఇవన్నీ కత్తిరించి జిగురుతో అతికించుకోవాలట. టన్నుల బరువు మోసే ఇనుప తాళ్ళు బిగించే చేతులవి, వాటికి గింజంత తలకాయలు ఎలా లొంగుతాయి? మొదటివాడికి తుపాకి చెయ్యి వీపు వైపు అతుక్కుపోయింది. భార్య కళ్ళజోడు పెట్టుకుని చూసి, "వెనక నుంచి వచ్చే దొంగల కోసమా?" అంది. రెండోవాడు ఏకంగా లిఫ్టాయన బొటనవేలికే అతుక్కున్నాడు. అంతలో ఎక్కడో లిఫ్టు ఆగిపోయిందని ఫోను. వేలి మీద సైనికుడితోనే పనికి వెళ్ళాడు మహానుభావుడు. లోపల ఇరుక్కున్న పెద్దావిడ తలుపు తెరుచుకోగానే ముందు ఆ బొమ్మను చూసి, తర్వాత మనిషిని చూసి, "నేను మెట్ల మీంచే వెళ్తాను నాయనా" అందట.

నిండా మునిగాక చలేమిటి? మధ్యాహ్నం భోజనం వేళ మేడ మీద లిఫ్టు మోటారు గదిలో కూర్చుని రూల్సు పుస్తకం చదివాడు. చదివిందే చదివాడు. ఒక వంతులో ఒక్కో బొమ్మకు రెండు పనులు. నడవొచ్చు, కాల్చొచ్చు, దాక్కోవచ్చు, ఉన్న వస్తువు ఎత్తుకోవచ్చు. ఎన్ని నడకలు నడిచినా వంతుకు మొత్తం ఆరంగుళాలే. ఇవి తప్ప మిగతా పుస్తకమంతా 'అయితే', 'కాకపోతే', 'ఒకవేళ'. చివరికి అతనికి అర్థమైంది ఏమిటంటే, గుండీల ఆటకు చదువు చెప్పిస్తే ఇలా తయారవుతుంది, మరేం లేదు.

సైనికులకు రంగులు వేసే ఓపిక అతనికి లేదు. కానీ ఒక జట్టును, ఆకుపచ్చ ప్లాస్టిక్ వాళ్ళను, వరసగా నిలబెట్టి, భార్య గోళ్ళ రంగు సీసా అడిగి తీసుకుని, అగ్గిపుల్ల కొసతో ఒక్కొక్కడి టోపీ మీద నాలుగేసి చుక్కలు పెట్టాడు. ఎందుకని భార్య అడిగింది. తర్వాత చెప్తానన్నాడు.

ఆదివారం వచ్చింది. లిఫ్టాయన భోజనాల బల్ల మీద పెట్టెలో ఇచ్చిన చంద్రుడి బొమ్మ కాగితం పరచలేదు. బజారు నుంచి ఖాకీ గుడ్డ తెచ్చి పరిచాడు. ఇంట్లో ఉన్న దారపుండలన్నీ ఏరి కోటలు నిలబెట్టాడు, మధ్యలో గాలి డబ్బా, చెరో కొసన పెట్టెలోని ఓడ పెట్టాడు. ఎలుక బోనులో కొబ్బరి ముక్క పెట్టి కూర్చున్నట్టు కూర్చున్నాడు.

అక్క వచ్చింది. చెప్పులు విడిచింది. అమ్మ దర్జీ పని ఇప్పుడు ఆవిడదే, మెడలో ఎప్పటిలాగే అమ్మ టేపు, పసుపుది, అంకెలు సగం చెరిగిపోయినది. బల్ల వైపు ఒక్క చూపు చూసి ఆగింది. మళ్ళీ ఏమీ చూడనట్టు కుర్చీ లాక్కుని, సంచిలోంచి బడి పిల్ల గౌను తీసి అంచు మడవడం మొదలెట్టింది. "అమ్మాయ్, మీ వారు కులాసానా?"

"కులాసానే వదినా. పిచ్చి కాస్త ముదిరింది" అంది భార్య.

లిఫ్టాయన రెండు వైపులా తనే ఆడుతున్నాడు. జేబులోంచి స్టీలు టేపు బర్రున లాగి, సైనికుడి పక్కన పెట్టి, వేలు వదిలాడు. టేపు సర్రున లోపలికి పోతూ ముగ్గురు సైనికుల్ని పడగొట్టింది. వాళ్ళను నిలబెట్టి మళ్ళీ లాగాడు. మళ్ళీ పడ్డారు.

అక్క చేతిలో సూది ఆగింది. ఎంత మొండి మనిషి అయినా, కళ్ళ ముందు ఎవరైనా తప్పుగా కొలుస్తుంటే దర్జీ ప్రాణం ఊరుకుంటుందా?

"అమ్మాయ్, లిఫ్టు గుంతలు కొలిచే టేపుతో చీమల నడక కొలుస్తారా అని అడుగు."

"చీమల నడక..." అని భార్య మొదలెట్టింది.

"వేరే టేపు లేదని చెప్పు" అన్నాడు లిఫ్టాయన.

అక్క మెడలోంచి అమ్మ టేపు తీసి మరదలి చేతిలో పెట్టింది. "పని అయ్యాక తిరిగి ఇచ్చేయమను. అడక్కుండా ఎవరికీ ఇచ్చేయొద్దని కూడా చెప్పు."

ఆ దెబ్బ తగలాల్సిన చోటే తగిలింది. లిఫ్టాయన తల వంచుకుని టేపు అందుకున్నాడు. వేళ్ళకు అది తెలుసు. ఒక చివర రేకు ఊడిపోయి ఉంటుంది, అక్కడ అమ్మ దారంతో కుట్టి ఉంటుంది. వేలితో తడిమితే ఆ కుట్టు ఇంకా ఉంది.

తర్వాతి వంతుకు అతను కావాలని చేశాడో, నిజంగానే తెలియక చేశాడో చెప్పలేను గానీ, దారపుండ వెనకాల నిండా దాక్కున్న ఆకుపచ్చవాణ్ణి కాల్చేశాడు. పాచిక వేసి, "చచ్చాడు" అన్నాడు.

"ఎలా చస్తాడు!" అక్క గౌను పక్కన పారేసి లేచింది. "అమ్మాయ్, చూడవే, ఆ ఉండ వెనక వాడు కనపడతాడా? అన్యాయం కాదూ?" అంటూనే బల్ల దగ్గరికి వచ్చి, కుర్చీ పట్టుకుని, మోకాళ్ళు కటకటమంటుండగా నేల మీదికి దిగి, గడ్డం బల్ల అంచుకు ఆనించి, ఒక కన్ను మూసుకుంది.

లిఫ్టాయన ఆ మూసిన కన్నే చూస్తున్నాడు. జుట్టు నెరిసింది, చెంపలు జారాయి, కన్ను మాత్రం అప్పటిలాగే ముడుచుకుంది.

"కనపడడు" అని తీర్పిచ్చింది అక్క. అలాగే కిందే ఉండి, "అమ్మాయ్, ఇందులో నాలుగు కళ్ళ వాళ్ళు ఎవరో కనుక్కో" అంది. ఆటపట్టించడానికే అంది.

"నాలుగు కళ్ళా?" భార్య అయోమయంగా మొగుడి వైపు చూసింది.

"ఆకుపచ్చవాళ్ళు. తీసి చూడమను."

అక్క ఒకణ్ణి తీసింది. కళ్ళజోడు పైకి నెట్టి, దగ్గరగా పెట్టుకుని చూసింది. టోపీ మీద ఎర్ర చుక్కలు, అటు రెండు, ఇటు రెండు. ఆ బొమ్మను చాలాసేపు అలాగే పట్టుకుంది. ఆ చుక్కలు ఎవరి కోసమో భార్యకు కూడా అప్పుడర్థమైంది. అక్క ఆ సైనికుణ్ణి జాగ్రత్తగా కిందపెట్టి, "ఇంతకీ వంతు ఎవరిదటా?" అంది.

ఆట మొదలైంది. అదేం ఆటండీ! ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు, మాటలు మాత్రం మధ్యలో ఉన్న ఇల్లాలి మీదుగా వెళ్ళాలి. "ఆయన ఎడం వైపు వాణ్ణి కాలుస్తున్నానని చెప్పు." "కాల్చుకోమను, గోడ అడ్డముంది, పాచిక ఐదు పడాలి." "ఐదెందుకో అడుగు." "రూల్సు పుస్తకంలో ఉందని చెప్పు." "పుస్తకం రాసినవాడికి మిషను తొక్కడం వచ్చా అని అడుగు." ఇలా ఎంతసేపని మోస్తుంది ఆవిడ మాత్రం? చివరికి చీర కొంగు దోపుకుని లేచి నిలబడింది.

"నేనేమన్నా మీ ఇద్దరి మధ్య లిఫ్టునా? పైకీ కిందికీ ఎంతకని మొయ్యను? ఇదిగో, తలుపులు మూసేస్తున్నా. మాట్లాడుకోవాలంటే మెట్లెక్కి మాట్లాడుకోండి" అని టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మధ్య మనిషి లేకపోయేసరికి ఇద్దరికీ ఎక్కడ చూడాలో తెలియలేదు. అక్క దారపుండతో అంది, "ఎవరి వంతో ఏమో."

"పెద్దవాళ్ళదే" అన్నాడు లిఫ్టాయన, పాచికతో.

అలా బొమ్మలతోనూ ఉండలతోనూ మాట్లాడుకుంటూ ఆడారు. అక్క జాలీ దయా లేకుండా ఆడింది. చిన్నప్పుడూ అంతే. ముందు ఇద్దర్ని గోడ చాటున నిలబెట్టి, మిగతావాళ్ళను చుట్టూ తిప్పి తెచ్చింది. అతనివాళ్ళు ఒక్కొక్కరే రాలిపోయారు. చచ్చినవాణ్ణి తీసినప్పుడల్లా అక్క చెయ్యి అలవాటు మీద పక్కకు వెళ్ళేది, డబ్బాలో వేయడానికి. డబ్బా లేదు. మొదటిసారి ఆ చెయ్యి గాల్లో ఆగడం చూసి లిఫ్టాయన లేచి వెళ్ళి అలమరలోంచి ఒక రేకు డబ్బా తెచ్చి పెట్టాడు. ఆ తర్వాతి నుంచి టంగుమని పడ్డారు.

చివరికి అతనికి ఒక్కడే మిగిలాడు. ఎవరనుకున్నారు? తుపాకి వెనక్కి అతుక్కున్న ఆ దౌర్భాగ్యుడే. ఎలాగో పాక్కుంటూ పోయి గాలి డబ్బా ఎత్తుకున్నాడు. ఇప్పుడు ఓడ తలుపు ఎదురుగా ఉంది. ఈ వంతులో చేరితే బతుకుతాడు. చేరకపోతే అక్క మనుషులు ఇద్దరు తుపాకులు గురిపెట్టుకుని ఉన్నారు, తర్వాతి వంతుకు వాడు రేకు డబ్బాలోకే.

లిఫ్టాయన అమ్మ టేపు పరిచాడు. కుట్టున్న చివర సైనికుడి కాళ్ళ దగ్గర, రెండో చివర ఓడ వైపు. ఓడ తలుపు దగ్గర వేలు పెట్టి చదివాడు. ఎనిమిది. నడవగలిగింది ఆరు. మళ్ళీ చూశాడు, టేపు ఎక్కడా వదులు లేదు, ఎనిమిదే.

ఓడిపోతున్నానని బాధ కాదు. ఆట అయిపోతోంది, అదీ బాధ. అయిపోగానే అక్క టేపు మెడలో వేసుకుంటుంది, గౌను సంచిలో పెట్టుకుంటుంది, మళ్ళీ మీ వారు కులాసానా. ఇక ఆగలేకపోయాడు.

"అక్కా" అన్నాడు. టేపు మీదే చూస్తూ అన్నాడు. "వాళ్ళు బల్ల కోస్తుంటే నేను లోపల ఉండలేకపోయాను. బయట మెట్ల మీద చెవులు మూసుకుని కూర్చున్నా. నిన్ను అడిగితే వద్దంటావు. వద్దన్నాక నాకు చెయ్యి రాదు. అందుకే అడగలేదు. నీకు బాధ తగ్గిద్దామనుకున్నా అని అందరికీ చెప్పుకున్నా గానీ, నా భయం కొద్దీ చేశానక్కా."

అక్క ఒక దారపుండను అటూ ఇటూ దొర్లించింది.

"ఆ గుమ్మంలోంచి అది రాదని నాకు మాత్రం తెలియదా?" అంది చివరికి. ఎవరి మీదుగానూ కాదు, సూటిగా అతనితోనే. "కొయ్యక తప్పదనీ తెలుసు. కోసినందుకు కాదు." చేతిలో ఉండను పక్కన పెట్టింది. "కోసే ముందు రమ్మంటే వచ్చేదాన్ని. దాని మీద ఒక్క ఆట ఆడుకునేవాళ్ళం."

ఐదేళ్ళ నుంచి లిఫ్టాయన ఎన్నో అనుకున్నాడు. బల్ల దాచుకోవాలనుకుందేమో, కూతురికి ఇద్దామనుకుందేమో, అమ్మ గుర్తుగా ఒక చెక్క అయినా అడిగేదేమో. ఇంత చిన్న కోరిక అతని తలకు తట్టనే లేదు. కళ్ళల్లో నీళ్ళు తిరిగి ఖాకీ గ్రహమంతా మసకబారింది. చొక్కా చేతితో తుడుచుకున్నాడు.

"ఎనిమిదక్కా" అన్నాడు, ఇంకేం అనాలో తెలియక. "నడిచేది ఆరే. ఓడిపోయాను. వంతు నీదే, కాల్చు."

అక్క కాల్చలేదు. ముందుకు వంగి, టేపు మీద ఆరు దగ్గర గోరు పెట్టింది. అక్కణ్ణుంచి ఏడు దాకా జరిపింది. ఏడు నుంచి ఎనిమిది దాకా జరిపింది. గోరు ఓడ తలుపుకు తగిలింది.

"లూజు కలుపుకోలేదు" అంది.

లిఫ్టాయన తలెత్తాడు. "అది నువ్వు ఎప్పుడో ఎత్తేశావు కదక్కా. పొడుగయ్యానని."

అక్క అతణ్ణి కింద నుంచి పై దాకా ఒకసారి చూసింది. బట్టతల మొదలైన నెత్తి, జిగురు మరకలు పడ్డ చొక్కా, ఎర్రబడ్డ ముక్కు.

"ఒరేయ్, పొడుగయ్యావు గానీ పెరిగిందెక్కడరా? ఇంకా పెరిగేవాడివే. కదుపు."

వంటింట్లో గిన్నె మూత కింద పడ్డ చప్పుడైంది. లిఫ్టాయన కదపలేదు.

"ఇంకోసారి అను" అన్నాడు.

"ఏమని?"

"అదే."

"ముందు ఆ వెధవ ముక్కు తుడుచుకుని కదపరా, ఒరేయ్. నా వంతు రావాలి" అంది అక్క, కుర్చీని బల్లకు ఇంకాస్త దగ్గరగా లాక్కుంటూ.